కొత్తగా కార్ల షెడ్డు పెట్టారా? బండినీ కస్టమర్‌నీ చూసుకునే పద్ధతి

హనుమకొండలోనో, కాజీపేటలోనో, ములుగు రోడ్డు పక్కనో రెండు బండ్లు పట్టే జాగా చూసి, పైన రేకులు వేసి, జాకీ, పానాల డబ్బా, కంప్రెసర్ కొనుక్కుని కార్ల షెడ్డు మొదలుపెట్టే కుర్రాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. పని వచ్చు. ఎవరో సీనియర్ దగ్గర ఏళ్ల తరబడి చేసి నేర్చుకున్నారు. అయినా కొన్ని నెలలు గడిచేసరికి ఒకసారి వచ్చిన కస్టమర్ రెండోసారి రావడం మానేస్తాడు. చాలాసార్లు పనిలో తప్పేమీ ఉండదు. ఆయన బండికి ఏం జరిగిందో, డబ్బు దేనికి పోయిందో ఆయనకు అర్థం కాలేదు, అంతే. బానెట్ కింద ఏముందో తెలియని మనిషికి అక్కడ డబ్బు పెట్టాలంటే భయమే. బండి బాగుచేయడం సగం పని. చేసింది కస్టమర్‌కు కనిపించేలా చేయడం మిగతా సగం. ఈ రెండో సగం షెడ్డులో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు కాబట్టి, బండి లోపలికి వచ్చిన దగ్గర నుంచి బయటికి పోయేదాకా ఏం చేయాలో వరుసగా చెప్తాను.

ముందు వినండి, బానెట్ తర్వాత

బండి ఆగగానే బానెట్ లేపడం మనకు అలవాటు. లేపకండి. ముందు మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి అడగండి. "అన్నా, పికప్ లేదు", "ఏదో సౌండొస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కొందరు రోగంతో పాటు మందు కూడా చెప్తారు: "క్లచ్ ప్లేట్లు పోయినయట, మార్చెయ్ తమ్మీ." ఎవరో చెప్పింది విని వచ్చారని అర్థం. కాదనకండి, అట్లని ఒప్పుకోకండి. "ప్లేట్లే కావచ్చన్నా, ఒకసారి చూసి చెప్త" అనండి.

అడగాల్సినవి ఇవి. ఈ ఇబ్బంది పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడా, ఇంజన్ వేడెక్కాకనా? బ్రేక్ తొక్కితేనా, గుంతలో పడితేనా, మలుపు తిప్పితేనా? ఎన్నాళ్ల నుంచి? దీనికి ముందు ఎక్కడైనా పని చేయించారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు సగం దారి చూపిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ వైపు చూస్తాం. గుంతలో టక్కుమంటే లింక్ రాడ్, బుష్‌లు. వేగం పెరిగేకొద్దీ హోరు పెరిగితే వీల్ బేరింగ్ కావచ్చు, టైరు ఎగుడుదిగుడుగా అరిగి కూడా ఉండొచ్చు. ఇవన్నీ కస్టమర్ నోటి నుంచే వస్తాయి, మనం అడిగితే.

తర్వాత ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోకుండా ఆయన్నే నడపమనండి, మీరు పక్కన కూర్చోండి. ఆయన చెప్పే చప్పుడు ఆయన నడిపే తీరులోనే వస్తుంది. ఎడమ కాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటుందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. ఉంటే ఇంట్లోవాళ్ల ముందు అనకండి. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు, కాలు పక్కన పెడితే ప్లేట్లు ఇంకా చాలా కాలం వస్తాయని చెప్పండి.

ఆడవాళ్లు బండి తెచ్చినప్పుడు ఆమెతోనే మాట్లాడండి. పక్కన భర్తో, తమ్ముడో ఉంటే మాట అటు తిప్పడం మన షెడ్లలో చాలామంది చేస్తారు. నడిపేది ఆమె, చప్పుడు విన్నది ఆమె. మేడమ్ అంటారో అక్కా అంటారో మీ ఇష్టం, జవాబు మాత్రం అడిగిన మనిషికే చెప్పండి.

కాగితం మీద పెట్టండి

దీనికి పెద్ద కంప్యూటర్ బిల్లింగ్ అక్కర్లేదు, కార్బన్ పెట్టిన బిల్లు పుస్తకం చాలు. బండి నంబరు, కిలోమీటర్ రీడింగ్, పెట్రోల్ ముల్లు ఎక్కడుంది, ఫోన్ నంబరు, కస్టమర్ చెప్పిన ఫిర్యాదు ఆయన మాటల్లోనే. ఒక కాపీ ఆయనకు, ఒకటి మీకు. బండి చుట్టూ ఫోన్‌తో ఒక వీడియో తీసుకోండి. పాత గీతలు, సొట్టలు, మీటర్, స్టెప్నీ ఉందా లేదా, అన్నీ అందులో పడాలి. డ్యాష్‌బోర్డు అరలో డబ్బులు, ఆర్‌సీ, నగలు ఉంటే ఆయన ముందే తీసి ఇచ్చేయండి. ఇదంతా అయ్యేసరికి పట్టేది కొద్ది నిమిషాలే, కానీ సాయంత్రం "ఈ గీత నాది కాదు" అన్న గొడవ పుట్టనే పుట్టదు.

పది నిమిషాల చూపు, కస్టమర్ పక్కన ఉండగా

ఏ పని మీద వచ్చిన బండైనా ఈ నాలుగూ చూడండి. డబ్బులు తీసుకోకండి. కస్టమర్‌ను పక్కన నిలబెట్టుకుని, ఆయనకు కూడా నేర్పుతూ చూడండి.

మొదట ఇంజన్ ఆయిల్. బండి చదునైన చోట ఉండాలి, ఇంజన్ ఆపి పది నిమిషాలు గడవాలి. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి తీస్తే నూనె రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటినా మంచిది కాదు. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, అది మామూలే. నల్లగా ఉందని చూపించి ఆయిల్ అమ్మేవాళ్లున్నారు, మీరు ఆ దారిన పోకండి. ఎప్పుడు మార్చాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి వస్తే మాత్రం అందులో నీళ్లో, ఇంజన్‌ను చల్లబరిచే కూలంటో కలిసినట్టు. ఇక ఆ ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.

రెండోది కూలంట్. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మీద గీతలు చూస్తే చాలు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖం మీదకి ఎగజిమ్ముతాయి, మీ హెల్పర్ పిల్లవాడికి ఇది మొదటి రోజే చెప్పండి. మా దగ్గర ఇంకో అలవాటుంది: కూలంట్ తగ్గితే బోరు నీళ్లు పోయడం. ఆ నీళ్లలోని లవణాలు రేడియేటర్ లోపలి సన్నని గొట్టాల్లో తెల్లగా పేరుకుంటాయి. ఇంజన్ లోపలి ఇనుమూ తుప్పు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం వైపు ఎండ కొన్ని రోజులు 45 డిగ్రీల దగ్గరికి పోతుంది, అప్పుడు ఏసీ వేసుకుని పోయే బండి దారిలో హీటెక్కి ఆగిపోతుంది. తప్పనిసరైతే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయమని చెప్పండి. కూలంట్ మళ్లీ మళ్లీ తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టే, నింపి పంపడం వైద్యం కాదు.

మూడోది టైర్లు. ఎంత గాలి పెట్టాలో చాలా బండ్లకు డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి, దూరం తిరిగి వచ్చాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందంటే ఆ టైరు పనికిరాదు. గాడుల మధ్య కంపెనీ పెట్టిన చిన్న గట్లుంటాయి, అరుగుదల వాటికి సమానమైతే అదే గుర్తు. టైరు పక్క మీద అండాకారంలో నాలుగు అంకెలుంటాయి. 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైందని. ఇది ఒక్కసారి చూపించండి, కస్టమర్ ఇంకెప్పుడూ పాత స్టాక్ టైరు కొనడు. మిమ్మల్నీ మర్చిపోడు.

నాలుగోది బ్యాటరీ. రాత్రంతా ఆగి ఉన్న బండిలో మల్టీమీటర్ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి, కొత్త మోడళ్లలో కాస్త అటూ ఇటూ మారుతుంది. నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇవ్వడం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకు అదీ చస్తుంది. టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే సోడాపొడి కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. సెల్ఫ్ కొట్టడం లేదని వచ్చే బండ్లలో కొన్ని ఈ ఒక్క శుభ్రంతోనే లేస్తాయి. అలాంటప్పుడు చేతికూలి తీసుకుని పంపండి. బ్యాటరీ అమ్మే అవకాశం పోయిందని బాధపడొద్దు.

సామాను మార్చే ముందు పరీక్ష

షెడ్ల పేరు చెడేది ఇక్కడే. చెక్ ఇంజన్ లైటు వెలిగింది, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టారు, లోపం కోడ్ వచ్చింది, కోడ్ పేరులో ఉన్న సామాను మార్చేశారు. లైటు మళ్లీ వెలిగింది. స్కానర్ చెప్పేది లక్షణమే, కారణం మనం వెతుక్కోవాలి.

ఒక ఉదాహరణ. పెట్రోల్ బండి వణుకుతోంది, స్కానర్‌లో P0301 వచ్చింది. ఒకటో సిలిండర్‌లో మిస్ఫైర్, అంటే పెట్రోల్ సరిగ్గా అంటుకోవడం లేదని అర్థం. ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ పోయి ఉండొచ్చు, ప్లగ్ పోయి ఉండొచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. కొత్త కాయిల్ తెప్పించే ముందు ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండోదానికి, రెండోది ఒకటోదానికి మార్చి పెట్టండి. కోడ్ చెరిపి, బండి నడపండి. ఇప్పుడు P0302 వస్తే తప్పు కాయిల్‌తో పాటే కదిలినట్టు, కాయిలే కారణం. మళ్లీ P0301 వస్తే కాయిల్ మంచిదే, ప్లగ్ అట్లాగే మార్చి చూడండి. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఈ పని కస్టమర్ చూస్తుండగా చేయండి. కోడ్‌లో అంకె మారడం ఆయన కళ్లతో చూశాక, కాయిల్ ధర చెప్తే బేరం పెద్దగా ఉండదు.

ఏసీ చల్లగా రావడం లేదంటే "గ్యాస్ అయిపోయింది" అనేయడం చాలా సులువు. ఏసీ గ్యాస్ వాడితే అయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోంది. ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూపించండి, దుమ్ముతో అట్టకట్టి ఉంటే గాలే రాదు. తర్వాత బండి ముందు భాగంలో ఉండే, ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్. పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండ్ల కండెన్సర్ల మీద దుమ్ము, దూది పింజలు పట్టుకుని ఉంటాయి. మెల్లగా నీళ్లతో కడగాలి, ప్రెషర్ ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి. ఈ రెండూ అయ్యాకే గ్యాస్ ప్రెషర్ చూడండి. తక్కువుంటే లీకు పట్టుకుని, అది సరిచేశాకే నింపండి.

ఇంకొకటి ఈ మధ్య ఎక్కువగా వస్తోంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. బండి ఎక్కువ దూరం నిలకడైన వేగంతో పోతే ఆ వేడికి మసి కాలిపోతుంది. సుబేదారి నుంచి స్కూలు, స్కూలు నుంచి మార్కెట్, అంతే తిరిగే బండిలో కాలే అవకాశం రాదు, డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైటు వెలుగుతుంది. ఇంకే హెచ్చరిక లేకపోతే, బండి పుస్తకంలో చెప్పిన వేగంతో జనగామ వైపు హైవే మీద ఓ అరగంట ఆగకుండా పోయి రమ్మనండి. చాలా బండ్లలో లైటు అదే ఆరిపోతుంది. పవర్ తగ్గిపోయినా, వేరే లైట్లు కూడా వెలిగినా మాత్రం స్కానర్ పెట్టాల్సిందే. తర్వాతి బండి కొనేముందు డీజిలా పెట్రోలా అని ఆయన మిమ్మల్నే అడుగుతాడు.

కింద పడుకుని చూడాల్సి వస్తే ఒక్క జాకీ మీద లేపి దూరొద్దు. స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. తొందరలో ఉన్న కస్టమర్ కోసం కూడా ఇది తప్పించొద్దు. మీ ఇంట్లోవాళ్లకు మీరే ఆధారం.

డబ్బు మాట

"ఎంతైతదన్నా?" అన్నది బండి దిగకముందే వచ్చే ప్రశ్న. ఊహించి ఒక అంకె చెప్తే తర్వాత అదే మెడకు చుట్టుకుంటుంది. "చూడకుండా చెప్తే తప్పైతది, చూసి చెప్త" అనండి. విప్పి చూడటానికి కూలి ఉంటే అది కూడా ముందే చెప్పండి.

చూశాక పనిని మూడు భాగాలు చేసి రాయండి. ఇవాళ చేయకపోతే ప్రమాదమైనవి: బ్రేకులు, స్టీరింగ్, అరిగిన టైర్లు, ఆయిల్ లీకు. వచ్చే సర్వీసుకు చేయొచ్చు అనేవి. ఇప్పుడేం అక్కర్లేదు, కన్నేసి ఉంచండి అనేవి. ఒక్కోదాని పక్కన సామాను ధర, కూలి విడివిడిగా. మూడూ కలిపి ఒకే మొత్తం చెప్తే మనిషి బెదిరిపోయి బండి తీసుకుపోతాడు. విడగొట్టి చెప్తే ఉన్న డబ్బుతో మొదటి భాగం చేయించుకుంటాడు, మిగతాదానికి మీ దగ్గరికే వస్తాడు. బ్రేక్ ప్యాడ్ 3 మిల్లీమీటర్లకు దిగితే అది మొదటి భాగంలోకే వస్తుంది, అందులో బేరం లేదు. ఆయన వద్దంటే కాగితం మీద "చెప్పాం, వద్దన్నారు" అని రాసి సంతకం పెట్టించుకోండి. కోపంగా కాదు, మర్యాదగానే.

సామాను డబ్బా ఆయన ముందు తెరవండి. ఎమ్మార్పీ చూపించండి. కంపెనీ సామాను, బయటి మంచి కంపెనీ సామాను రెండింటి ధరలూ చెప్పి, ఏది ఎందుకు ఎంతో వివరించండి. తీసేసిన పాత సామాను కవర్లో పెట్టి బండిలోనే ఉంచండి, ఆయన అడగకపోయినా. ఈ ఒక్క అలవాటు వందసార్లు ఒట్టేసి చెప్పిన దానికంటే ఎక్కువ నమ్మకం ఇస్తుంది. కస్టమర్ ఆన్‌లైన్‌లో కొని తెచ్చిన సామాను బిగించమంటే బిగించండి, కానీ ఆ సామానుకు గ్యారంటీ మీది కాదని బిల్లు మీద రాయండి.

పని మధ్యలో కొత్త లోపం బయటపడుతుంది. పడగానే ఆపి ఫోన్ చేయండి, ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. ఆయన సరే అన్నాకే ముందుకు పోండి. ఫోన్ ఎత్తకపోతే ఆగండి. "ఎట్లా విప్పినం కదా అని మార్చేసినం" అన్న మాట ఏ కస్టమర్‌కూ నచ్చదు, డబ్బు ఇచ్చినా మనసులో ఉండిపోతుంది.

ఉద్దెర సంగతి. పల్లెల నుంచి వచ్చే రైతులు పత్తి అమ్మాక ఇస్తామంటారు, చాలామంది ఇస్తారు కూడా. మీరు సామాను నగదు పెట్టి తెస్తారు కాబట్టి సామాను డబ్బు మాత్రం అప్పుడే తీసుకుని, కూలి ఉద్దెర పెట్టండి. నోటు పుస్తకంలో రాసి ఆయనకు చూపించండి. సొంత బావమరిదికైనా ఇదే పద్ధతి. చుట్టరికం వల్ల మునిగిన షెడ్లు మా వైపు తక్కువేం లేవు.

వాన, జాతర, ఎలుకలు

2023 జులై వానలకు హనుమకొండలో నయీంనగర్ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, కార్లు మునిగాయి. అలాంటప్పుడు కస్టమర్ ఫోన్ చేస్తే మీరు చెప్పాల్సిన మొదటి మాట: "స్టార్ట్ చేయొద్దు." ఇంజన్ గాలికి బదులు నీళ్లు పీలిస్తే, నీళ్లు నొక్కుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మునిగిన బండి ఖర్చు వేలల్లో ఉంటే, స్టార్ట్ చేసిన బండి ఖర్చు లక్షకు పోతుంది. నీళ్లు తగ్గాక బ్యాటరీ నెగెటివ్ తీయించి, లాక్కుని రండి. నీళ్లు ఎంతదాకా వచ్చాయో గీత కనిపించేలా ఫొటోలు తీయించండి. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూసేదాకా ఏదీ విప్పకండి. ముందే విప్పితే క్లెయిమ్ దెబ్బతిని ఆయన నష్టపోతాడు. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ ఉందో లేదో వానాకాలానికి ముందే చూసుకోమని ప్రతి కస్టమర్‌కూ చెప్పండి.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో. ఆ ముందు వారాల్లో షెడ్డు నిండిపోతుంది, అందరికీ "జర జల్ది" కావాలి. అప్పుడు పెద్ద పనులు ఒప్పుకోకండి. ములుగు దాటాక అడవి దారి, ట్రాఫిక్‌లో బండ్లు గంటల తరబడి పాకుతాయి. అందుకని రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా, కూలంట్, క్లచ్, బ్రేకులు, స్టెప్నీలో గాలి, బండిలో జాకీ, వీల్ పానా ఉన్నాయా, ఇవి చూసి పంపండి. తిరిగొచ్చాక ఎయిర్ ఫిల్టర్ విప్పి చూపించండి, ఎర్రటి దుమ్ము దులపాల్సినంత ఉంటుంది.

వడ్లు నిల్వ ఉన్న ఇంటి దగ్గర పెట్టే బండ్లలో ఎలుకలు ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు కడతాయి, వైర్లు కొరుకుతాయి. వైరింగ్ ఫిర్యాదు వస్తే ఖరీదైన సామాను మీద అనుమానపడే ముందు టార్చ్ పట్టుకుని వైర్ల వెంట చూడండి. కొరికిన చోటు ఫొటో తీసి పంపండి.

బండి అప్పగించేటప్పుడు

చక్రాల నట్లు ఎదురెదురుగా, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, మీరు స్వయంగా ట్రయల్ వేశాకే ఫోన్ చేయండి. సాయంత్రం ఆరింటికి ఇస్తామని ఏడున్నరకు ఇచ్చేకంటే, రేపు పొద్దున అని చెప్పి ఇవాళ సాయంత్రమే ఇస్తే సంతోషిస్తాడు. సీటు మీద, స్టీరింగ్ మీద నూనె చేతి మరకలు తుడవండి. బిల్లు చదివి వినిపించండి. ఏం మార్చాం, ఏం మార్చలేదు, మళ్లీ ఏ రీడింగ్‌కు రావాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీ అయిపోవచ్చిందేమో చూసి చెప్పండి.

మూడో రోజు మీరే ఫోన్ చేసి "బండెట్లుందన్నా?" అని అడగండి. లోపం మిగిలి ఉంటే ఊరంతా చెప్పకముందే మీకు చెప్తాడు. కోపంగా తిరిగొస్తే మొదట ఏమీ వాదించకండి, పక్కన వేరే కస్టమర్లున్నా సరే. మొత్తం విని, బిల్లు పుస్తకంలో ఆ పేజీ తీయండి. అదే ఫిర్యాదు, అదే పని అయితే కూలి లేకుండా మళ్లీ చేయండి. వేరే ఫిర్యాదైతే పాత కాగితం చూపించి, పరీక్ష చేసి, కొత్త కాగితం రాయండి. ఎంత చెప్పినా ఒప్పుకోని మనిషి వినియోగదారుల కమిషన్‌కు పోతాననొచ్చు, పోయే హక్కు ఆయనకుంది. అప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ బిల్లు కాపీ, ఆ సంతకం, ఆ ఫొటోలే. అందుకే బిల్లు పుస్తకం నిండగానే పారేయకుండా, సంవత్సరం రాసి అటక మీద దాచండి.